ఆటలో యుద్ధం – యుద్ధంలో ఆట

ఆట కాలక్షేపమనీ, యుద్ధం ప్రాణాంతకమనీ ఆ రెంటినీ వేరువేరు గదులలో ఉంచి చూడడం మనకు అలవాటు. చరిత్ర మాత్రం ఆ గదుల నడుమ తలుపును ఎన్నడూ గడియ వేసి ఉంచలేదు. ఆటబల్ల మీద పుట్టిన ఉపాయం సేనానుల డేరాలోకి పోవడమూ, సైనికుల కోసం చేసిన సాధనం పిల్లల చేతికి రావడమూ నిన్న నేడు మొదలైన సంగతులు కావు. కంప్యూటర్ వచ్చిన తరువాత ఆ రాకపోకలు మరింత వేగాన్ని పుంజుకున్నాయి, అంతే. ఒకే సాఫ్ట్‌వేరు ఒక ఇంటిలో బాలుడికి వినోదమవుతున్నది, ఒక శిబిరంలో సిపాయికి పాఠమవుతున్నది.

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో ఈ విషయానికి చోటెందుకని కొందరికి తోచవచ్చును. దానికి కారణాలు రెండు. కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగువారిలో పలువురి తాతముత్తాతలు కత్తి చేతబట్టి ఈ సీమకు వచ్చినవారు. వారి మునిమనుమలు నేడు సెల్‌ఫోను చేతబట్టి తెర మీద తుపాకులు పేలుస్తున్నారు. ఈ రెండు చివరల నడుమ ఉన్న దారిని తెలుసుకోవడం మొదటి కారణం. పిల్లల యుద్ధపు ఆటలను గురించి తల్లిదండ్రులు పాఠశాలను తరచుగా అడిగే ప్రశ్నకు చరిత్ర వైపునుండి ఒక సమాధానం చెప్పవలసి ఉండడం రెండవది.

కత్తితో వచ్చినవారు

విజయనగర ప్రభువుల ప్రతినిధిగా విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో మదురైలో అధికారం చేపట్టాడు. ఆయన కాలంలో దళవాయి అరియనాథ మొదలియారు సహాయంతో దేశం 72 పాళెములుగా విభజించబడిందని చరిత్ర చెబుతున్నది. పాళెమంటే సైన్యం విడిసిన చోటు. ప్రతి పాళెగాడూ తన సీమను కాపాడుకుంటూ, ప్రభువు పిలిచినపుడు పటాలంతో హాజరు కావలసినవాడు. ఆ పాళెగాళ్లలో తెలుగువారు పలువురు. వారి వెంట సేద్యగాళ్లూ, నేతపనివారూ, వర్తకులూ దక్షిణానికి తరలి వచ్చారు. నీరు తక్కువైన నల్లరేగడి నేలలను సాగుచేసి పత్తి పండించిన ఘనత వారిది.

అప్పటి సైన్యానికి శిక్షణాలయమంటూ వేరే ఉండేది కాదు. ఆటస్థలమే శిక్షణాలయం. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయస్, కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నూనె రాసుకొని బరువులెత్తి, కత్తిసాము చేసి, మల్లునితో కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కేవాడని వర్ణించాడు. మహానవమి ఉత్సవంలో మల్లయుద్ధాలూ, నృత్యాలూ, సేనల ప్రదర్శనా ఒకదాని వెంట ఒకటి జరిగేవని కూడ అతడు వ్రాశాడు. ఆనాటి ప్రజలకు అది పండుగ, రాజుకు అది సైన్యపు తనిఖీ. రాయలతో చదరంగమాడి మెప్పించిన బొడ్డుచర్ల తిమ్మన కొప్పోలు గ్రామాన్ని బహుమానంగా పొందాడన్న కథ కూడ మన సాహిత్యలోకంలో ప్రసిద్ధమే. చతురంగమంటే రథ, గజ, తురగ, పదాతులు గల సేన. ఆట పేరే సైన్యం పేరు.

చదరంగం ఆస్థానపు ఆట అయితే, పులిజూదం అరుగుమీది ఆట. తమిళులు దానిని ఆడుపులి ఆట్టమంటారు. గుడి మండపాల రాతిబండల మీద ఆ గీతలు చెక్కి ఉండడం ఈ ప్రాంతంలో చాలమంది చూసినదే. చదరంగంలో ఇరుపక్షాల బలమూ సమానం. ఇక్కడ అట్లు కాదు. పులులు మూడు, మేకలు 15. పులి దూకి మేకను చంపగలదు. మేకకు చంపే శక్తి లేదు, కలిసికట్టుగా నిలిచి పులికి దారి లేకుండా చేయడమొక్కటే దాని బలం. బలవంతునితో బలహీనులు ఎట్లా పోరాడాలన్నది ఈనాటి సైనిక కళాశాలలలో పెద్ద పాఠం. ఆ పాఠాన్ని మన అవ్వలు చింతగింజలతో, గులకరాళ్లతో నేర్పారు.

మదురై, తూత్తుకుడి ప్రాంతాలలో తెలుగు మాటలాడే రాజకంబళ నాయకుల దేవరాట్టం కూడ ఈ కోవలోనిదే. ఉరుమి వాద్యపు లయకు అనుగుణంగా వరుసలుగా నిలిచి, ఒకే అడుగు వేస్తూ, మధ్య మధ్య వరుస మార్చుకుంటూ సాగే నృత్యమది. పూర్వం విజయం సాధించి వచ్చిన వీరులు దీనిని ఆడేవారని వారి సంప్రదాయం. కవాతు తెలిసినవారు ఆ అడుగులు చూస్తే అందులోని పొందికను వెంటనే గుర్తిస్తారు.

స్నేహంలో నేర్చిన విద్య

ఈ సీమ చరిత్రలో ఆటకూ యుద్ధానికీ గల బంధాన్ని కళ్లకు కట్టే ఘట్టం ఒకటి ఉన్నది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసిన జేమ్స్ వెల్ష్ అనే అధికారి యువకుడిగా మదురై ప్రాంతంలో ఉన్నపుడు శివగంగకు చెందిన చిన్న మరుదు అతనితో స్నేహంగా మెలిగాడు. ఈటె విసరడం, వంపు తిరిగిన వళరి కర్రను గురిచూసి రువ్వడం తనకు మొట్టమొదట నేర్పినది ఆయనేనని వెల్ష్ 1830లో ప్రకటించిన తన జ్ఞాపకాలలో చెప్పుకున్నాడు. అప్పటికి అది వేటవినోదం. కొన్నేళ్లు గడవకముందే ఆ గురుశిష్యులు ఎదురెదురు పక్షాలలో నిలిచారు.

పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన తెలుగు మూలాలు గలవాడన్నది మనకు తెలిసిన విషయమే. ఆయనను 1799 అక్టోబరు 16న కయత్తారులో కంపెనీవారు ఉరితీశారు. ఆయన తమ్ముడు ఊమైదురై 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెరనుండి తప్పించుకొని, పడగొట్టబడిన మట్టికోటను కొద్ది రోజులలోనే తిరిగి లేపాడు. మే నెలలో ఆ కోట పడిపోగా అతడు మరుదు సోదరులను ఆశ్రయించాడు. 1801 అక్టోబరు 24న మరుదు సోదరులను తిరుప్పత్తూరులో ఉరితీశారు. వారి మీదికి నడిచిన సైన్యంలో వెల్ష్ ఉన్నాడు. తనకు విద్య నేర్పిన మనిషిని సంకెళ్లలో చూడవలసి వచ్చినందుకు అతడు బాధపడ్డాడు.

ఆ ఏడే డిసెంబరు 1న మదరాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ఒక ప్రకటన వెలువరించాడు. దక్షిణ సీమలలో ఆయుధాలు ధరించడం నిషిద్ధమయింది, పాళెగాళ్ల కోటలు నేలమట్టం చేయాలని నిర్ణయమయింది. పాళెములు జమీందారీలయ్యాయి. కత్తి పోయింది. కర్రసాము, చెడుగుడు, దేవరాట్టం పండుగనాటి ఆటలుగా మిగిలాయి. యుద్ధం ఆటలోకి తలదాచుకున్నదని చెప్పడం అతిశయోక్తి కాదు.

మనవారు ఆ తరువాత రేగడి నేలను నమ్ముకున్నారు. పత్తి మిల్లులకు దారితీసింది, మిల్లులు యంత్రవిద్యకు దారితీశాయి. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లును స్థాపించారు. 1930ల ఆరంభంలో పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరుకు అందింది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారూ, జి.డి. నాయుడుగారూ కలిసి స్వదేశీ విద్యుత్ మోటారును తయారు చేశారు. పాళెగాళ్ల సీమ యంత్రాల సీమగా మారింది. ఆటకూ యుద్ధానికీ గల తరువాతి కథ యంత్రాల కథే కాబట్టి మనవారికి అది పరాయిది కాదు.

గడుల నుండి పటానికి

మన చతురంగం పారశీకం, అరబ్బు దేశాల మీదుగా ఐరోపా చేరింది. 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో రాజాస్థాన బాలకులకు గణితం బోధించే హెల్విగ్ అనే ఉపాధ్యాయుడు చదరంగాన్ని పెంచి 1,600కు పైగా గడులు గల యుద్ధక్రీడను కల్పించాడు. గడులకు రంగులు వేసి కొండ, నీరు, చిత్తడినేల అని గుర్తులు పెట్టాడు. సైనికవృత్తికి పోబోయే శిష్యులకు యుద్ధతంత్రం సులువుగా బోధపడాలన్నది ఆయన ఉద్దేశం. బడిపంతులు చేసిన పని అది.

1812లో ప్రష్యా రాజుకు రైస్విట్జ్ అనే ఉద్యోగి కొండలూ నదులూ గల బల్ల నొకదానిని సమర్పించాడు. ఫిరంగిదళంలో లెఫ్టినెంటుగా ఉన్న ఆయన కుమారుడు 1824లో గడులను తొలగించి, నిజమైన సైనిక పటం మీద ఆడే విధంగా దానిని సంస్కరించాడు. అందులో మూడు విశేషాలున్నాయి. ఇరుపక్షాల నడుమ ఒక మధ్యస్థుడు ఉంటాడు. ఆటగాళ్లు తమ ఆజ్ఞలను కాగితం మీద వ్రాసి అతనికి అందించాలి. యుద్ధరంగంలో సేనానికి ఎంత కనబడుతుందో అంతే వారికి చూపుతారు. కాల్పుల ఫలితాన్ని పాచికలు వేసి నిర్ణయిస్తారు. ప్రష్యా జనరల్ స్టాఫ్ అధిపతి ముఫ్లింగ్ దానిని చూసి, ఇది ఆట కాదు, శిక్షణే అని గ్రహించి సైన్యమంతటా ప్రవేశపెట్టించాడు. 1870–71లో ప్రష్యా ఫ్రాన్సును ఓడించిన తరువాత ఇతర దేశాలు కూడ ఆ పద్ధతిని స్వీకరించాయి. చదరంగం అక్కడ సైనికవిద్యగా మారింది. ఆ మధ్యస్థుణ్ణి పాఠకులు గుర్తుంచుకోవాలి, ఆయనతో ముందు పని ఉన్నది.

వినోదశాలలోని విమానం

తరువాతి మలుపు అమెరికాలో జరిగింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో ఎడ్విన్ లింక్ అనే యువకుని తండ్రికి ఆర్గన్లూ, వాటంతటవే మ్రోగే పియానోలూ చేసే కార్ఖానా ఉండేది. లింక్‌కు విమానాలంటే మక్కువ. ఆ కార్ఖానాలోని గాలితిత్తులనూ పంపులనూ వాడి 1929లో నేల మీదనే ఊగే బుల్లి విమానాన్ని తయారు చేశాడు. లోపల కూర్చొని పిడి కదిపితే అది వాలుతుంది, తిరుగుతుంది. విమానశిక్షణ సంస్థలు దానిని లెక్కచేయలేదు. కొన్నవారిలో ఎక్కువమంది వినోదశాలల యజమానులే. కొన్నేళ్లపాటు అది నాణెం వేసి ఎక్కే బొమ్మగానే బ్రతికింది.

1934లో అమెరికా సైనిక విమానదళానికి టపా మోసే బాధ్యతను అప్పగించారు. పొగమంచులో, చీకటిలో పరికరాలను చూసి నడపడం రాని పైలట్లు కొద్ది వారాలలో పదిమందికి పైగా మరణించారు. అపుడు సైన్యానికి ఈ బొమ్మ గుర్తుకు వచ్చింది, ఆరింటిని కొన్నారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి సుమారు 10,000 లింక్ యంత్రాలు తయారయ్యాయి, లక్షలాది వైమానికులు వాటిలో శిక్షణ పొందారు. నిజాన్ని అనుకరించి, ప్రాణాపాయం లేకుండా తప్పులు చేయనిచ్చే యంత్రాన్నే నేడు సిమ్యులేటర్ అంటున్నాము. దాని ముత్తాత వినోదశాలలో పెరిగినవాడే.

తెర మీదికి వచ్చిన రణరంగం

కంప్యూటర్ తెరలు వచ్చాక ఈ బంధం మరింత బిగిసింది. 1980లో అటారీ కంపెనీ బాటిల్‌జోన్ అనే ట్యాంకు ఆటను విడుదల చేసింది. దానిని చూసిన అమెరికా సైనికాధికారులు బ్రాడ్లీ కవచవాహనంలో తుపాకీ పేల్చేవారి శిక్షణకు తగినట్లు మార్చి ఇమ్మని కోరారు. ఆట రూపకర్త ఎడ్ రోట్‌బర్గ్‌కు ఆ పని రుచించలేదు. ఇకముందు సైనికపు పని తనకు అప్పగించకూడదన్న షరతు మీద ఒప్పుకున్నాడు. నమూనాలు తయారయ్యాయి గాని, వాడుకలోకి రాలేదు. పిల్లల వినోదానికి చేసిన వస్తువు ఎక్కడికి పోతుందోనని కలవరపడిన తొలి శిల్పులలో ఆయన ఒకడు.

1983లో అమెరికా రక్షణ పరిశోధనా సంస్థ దార్పా, సిమ్‌నెట్ పేరిట దూరదూరాల నున్న ట్యాంకు సిమ్యులేటర్లను తీగలతో కలిపి, అందరూ ఒకే రణరంగంలో ఉన్నట్లు చేసే ప్రయత్నం ఆరంభించింది. ఇండ్లలోని పిల్లలు ఒకరితో ఒకరు కలిసి ఆడే ఆటలు విరివిగా రావడానికి చాల ముందటి సంగతి అది. 1996లో అమెరికా మెరీన్ దళం డూమ్ 2 అనే ఆటను మార్చి, అందులోని రాక్షసుల స్థానంలో సైనికులను పెట్టి, నలుగురు సభ్యుల జట్టుకు పరస్పర సహకారం నేర్పడానికి వాడింది. 1997లో అమెరికాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వినోదపరిశ్రమా రక్షణశాఖా కలిసి పనిచేయడం గురించి ప్రత్యేకంగా ఒక నివేదికనే ప్రచురించింది.

చెక్ దేశంలోని బొహీమియా ఇంటరాక్టివ్ సంస్థ 2001లో విడుదల చేసిన ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్ అనే ఆటనుండే విబిఎస్ అనే సైనికశిక్షణా సాఫ్ట్‌వేరు పుట్టింది. అమెరికా, ఆస్ట్రేలియా సైన్యాలు దానిని స్వీకరించాయి. ఇంటింటా ఆడుకున్న మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ మూలాన్ని 2009లో లాక్‌హీడ్ మార్టిన్ అనే ఆయుధసంస్థ తీసుకొని, శిక్షణకు ఉపయోగపడే ప్రిపేర్3డి అనే సాఫ్ట్‌వేరుగా మలచింది. ఎదురుదిశలో నడిచినవీ ఉన్నాయి. యువకులను సైన్యంలోకి ఆకర్షించడానికి అమెరికా సైన్యమే 2002 జూలై 4న అమెరికాస్ ఆర్మీ అనే ఆటను ఉచితంగా విడుదల చేసింది. అది 2022లో మూతబడింది. 2018లో అమెరికా నౌకాదళంలో చేరిన కొలరాడో అనే జలాంతర్గామిలో పైకి చూసే సాధనాన్ని త్రిప్పడానికి వీడియో ఆటల పిడినే అమర్చారు. సుమారు 38,000 డాలర్ల పాత పరికరం చేసే పనిని 30 డాలర్లకు లోపు దొరికే పిడి చేయగలగడం ఒక కారణం. కొత్తగా చేరిన నావికులకు అది చిన్ననాటినుండే చేతికి అలవాటైన వస్తువు కావడం మరొకటి.

తెలుగునాట, మన ముంగిట

ఇది పరదేశాల ముచ్చట మాత్రమే అనుకోరాదు. 1993లో హైదరాబాదులో ఆరంభమైన జెన్ టెక్నాలజీస్ అనే సంస్థ పోలీసులకూ సైన్యానికీ కాల్పుల శిక్షణకు, వాహనచోదనకు సిమ్యులేటర్లను తయారుచేస్తూ వచ్చింది. దానిని నడిపించినవారిలో అట్లూరి అశోక్ గారు ముఖ్యులు. భారత సైన్యానికే చెందిన సిమ్యులేటర్ డెవలప్‌మెంట్ డివిజన్ సికింద్రాబాదులో ఉన్నది. ఒక గుండు కూడ ఖర్చు కాకుండా, ఒక ప్రాణానికీ అపాయం రాకుండా, ఇంధనం ఆదా చేస్తూ వేలసార్లు అభ్యాసం చేయించగలగడం ఈ యంత్రాల ప్రయోజనం. పేద దేశానికి అది చిన్న విషయం కాదు.

కోయంబత్తూరువారికి సూలూరు వైమానిక స్థావరం పొరుగుననే ఉన్నది. స్వదేశీ తేజస్ విమానాల 45వ స్క్వాడ్రన్ 2018లో అక్కడికి చేరింది. 18వ స్క్వాడ్రన్ 2020 మే 27న అక్కడే తేజస్ విమానాలతో పునఃప్రారంభమయింది. ఆకాశంలో ఆ ధ్వని వినబడగానే తరగతి గదిలోని పిల్లల తలలు కిటికీ వైపు తిరగడం సహజం. మన వైమానిక దళమే 2019 జూలై 31న సెల్‌ఫోనులో ఆడుకునే యుద్ధవిమానపు ఆటను విడుదల చేసింది. యువతకు దళం పట్ల ఆసక్తి కలిగించడం దాని ఉద్దేశం. కాబట్టి మన పిల్లలు ఆడే ఆట ఎవరు చేసినది, ఎందుకు చేసినది అన్న ప్రశ్న ఇక్కడ కూడ వేసుకోవలసినదే. ప్రతి ఆటకూ ఒక కర్త ఉంటాడు, ఆ కర్తకు ఒక ప్రయోజనం ఉంటుంది.

పోలికా, తేడా

సాఫ్ట్‌వేరు ఒకటే అయినపుడు ఇంటిలో ఆడే బాలుడూ శిబిరంలోని సిపాయీ ఒకే విద్య నేర్చుకుంటున్నారా? ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారికి ఇందులో గల తేడా సులభంగా తెలుస్తుంది.

మొదటి తేడా మధ్యస్థుడు. 1824నాటి ప్రష్యా ఆటలో ఉన్న ఆ మనిషి నేటి సిమ్యులేటర్ గదిలోనూ ఉన్నాడు. శిక్షకుడి రూపంలో వెనుక కూర్చొని ఉంటాడు. అభ్యాసం ముగిసిన వెంటనే తెరమీద జరిగినదానిని వెనక్కు త్రిప్పి చూపి, ఇక్కడ ఏమి చూశావు, ఎందుకట్లా చేశావు, ఏది చేసి ఉండవలసింది అని అడుగుతాడు. ఈ విచారణే సైనికశిక్షణకు ప్రాణమని వారు భావిస్తారు. 1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో జరిగిన 73 ఈస్టింగ్ అనే ట్యాంకుల పోరును, అందులో పాల్గొన్నవారిని ప్రశ్నించి, నేలమీది గుర్తులను కొలిచి, కంప్యూటర్‌లో తిరిగి నిర్మించి పాఠంగా మలిచారు. ఇంటిలోని ఆట ముగిస్తే మళ్లీ మొదలుపెట్టమనే మీట తప్ప ప్రశ్న అడిగే మనిషి ఉండడు. చేతివేగం పెరుగుతుంది, ఆలోచన అక్కడే నిలిచిపోతుంది.

రెండవ తేడా నిగ్రహం. పోలీసు, సైనిక సిమ్యులేటర్లలో ఎదుట నిలిచినవాడు శత్రువో, పిల్లవాణ్ణి ఎత్తుకున్న తండ్రో క్షణంలో తేల్చుకోవలసిన సన్నివేశాలుంటాయి. అక్కడ పేల్చకుండా ఆగడం కూడ నేర్పవలసిన విద్యే. అంగడిలో దొరికే ఆటలలో పెక్కింటికి పేల్చినవారినే లెక్కించడం అలవాటు.

మూడవ తేడా మరణం. తెరమీద చచ్చినవాడు మరుక్షణం లేచి నిలుస్తాడు. నిజమైన యుద్ధం నుండి తిరిగివచ్చినవాడు నిద్రలో ఉలికిపడి లేస్తాడు. దీనికి చరిత్రే సాక్ష్యం చెప్పింది. 2004లో వెలువడిన ఫుల్ స్పెక్ట్రమ్ వారియర్ అనే ఆట, సైనికశిక్షణకై అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధనశాల సహకారంతో రూపొందినది. ఆ ఆట కోసం గీసిన వీధులనూ దృశ్యాలనూ అక్కడి మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ రిజ్జో తీసుకొని, ఇరాక్ యుద్ధంలో మనసు గాయపడిన సైనికుల చికిత్సకు ఉపయోగించాడు. యుద్ధానికి సిద్ధం చేసిన బొమ్మలే యుద్ధపు గాయానికి మందు కావలసి వచ్చింది. యుద్ధపు ఆటలను గురించి ఇంతకంటె గంభీరమైన పాఠం నాకు వేరొకటి తెలియదు.

నాల్గవ తేడా సత్యం. బొహీమియా సంస్థ చేసిన ఆర్మా 3 అనే ఆటలోని దృశ్యాలను నిజమైన యుద్ధపు చిత్రాలుగా ప్రచారం చేస్తున్నారని 2022లో ఆ సంస్థే లోకాన్ని హెచ్చరించింది. తెరమీది పొగ నిజమైనదా, గీసినదా అని పెద్దలు సైతం పోల్చుకోలేని కాలం వచ్చింది. వార్తను పరీక్షించి చూసే అలవాటును ఇక చరిత్ర పాఠంలోనే నేర్పవలసి ఉంటుంది.

తల్లిదండ్రుల ప్రశ్నకు

యుద్ధపు ఆటలు పిల్లలను హంతకులుగా చేస్తాయా అన్న భయానికి శాస్త్రజ్ఞుల సమాధానం సమతూకంగా ఉన్నది. ఆటలకూ దౌర్జన్యపు నేరాలకూ సంబంధం ఉన్నదనడానికి తగిన ఆధారం లేదనీ, అరవడం, తోయడం వంటి దురుసుతనంతో మాత్రం స్వల్ప సంబంధం కనబడుతున్నదనీ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో ప్రకటించింది. ఆటను విడువలేక చదువూ నిద్రా కుటుంబమూ పాడుచేసుకునే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో చేర్చింది, ఆ పట్టిక 2022 నుండి అమలులోకి వచ్చింది. అంటే భయపడి ఫోను లాగివేయడమూ సరికాదు, పిల్లవాడు చప్పుడు చేయకుండా కూర్చున్నాడు కదా అని ఊరుకోవడమూ సరికాదు.

సైన్యం వందల కోట్లు వెచ్చించి కనుగొన్న రహస్యం ఇళ్లలో ఖర్చు లేకుండా ఆచరించదగినదే. బిడ్డకు మధ్యస్థుడు కావాలి. వారానికి ఒకసారి ప్రక్కన కూర్చొని, ఏ దేశపు సైనికుడివి, ఎవరితో పోరాడుతున్నావు, ఎందుకు, ఆ వీధిలో కాపురమున్న జనం ఎక్కడికి పోయారు అని తల్లి గాని తాత గాని అడిగితే చాలు. ఆ ప్రశ్నలకు జవాబు వెదకడంలోనే ఆట పాఠమవుతుంది. ఆ ప్రశ్నలు మన తెలుగులో అడిగితే మరొక లాభమున్నది. ఈ ఆటలలో పిల్లలు వినేది ఆంగ్లపు ఆజ్ఞలే. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం, తెరమీద ఆంగ్లం అయిన ఈ పిల్లలకు ఆలోచన నేర్పే భాష ఏదన్నది మనవంటి పాఠశాలకు బ్రతుకు ప్రశ్న. తన అనుభవాన్ని తల్లిభాషలో చెప్పుకోగలిగిన పిల్లవాడికి ఆ భాష వంటింటి మాటగా మిగిలిపోదు.

పాఠశాలగా మన వంతు కూడ ఉన్నది. పులిజూదం, దాడి, కర్రసాము, చెడుగుడు వంటివి ఆటల పీరియడులో ఉండదగినవే. వాటిలో ఎదుటివాడు తెరమీది బొమ్మ కాడు, చెమట పట్టే మనిషి. తోస్తే పడతాడు, పడితే మనమే చేయి అందించి లేపాలి. ఆ చేయి అందించడాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నేర్పలేదు.

పల్నాటి కథలో బాలచంద్రుడు బొంగరాలాడుతూ ఒక పడుచును గాయపరిచాడు. నీ పౌరుషం రణరంగంలో చూపమని ఆమె దెప్పిన మాటే అతనిని కారంపూడికి నడిపించింది. అక్కడినుండి అతడు తిరిగి రాలేదు. ఆటకూ యుద్ధానికీ నడుమ ఎంత పలుచని తెర ఉన్నదో మన పూర్వులు అప్పుడే చెప్పిపెట్టారు. మరుదు నేర్పిన వళరినీ, హెల్విగ్ గీసిన గడులనూ, లింక్ ఊపిన బుల్లి విమానాన్నీ చూసినవారికి తెలిసేదొక్కటే. సాధనం ఎన్నడూ తనంతట తాను మంచిది కాదు, చెడ్డదీ కాదు. దానిని ఏ ప్రయోజనానికి వాడుతున్నామో, ఎవరు ప్రక్కన నిలిచి ప్రశ్నిస్తున్నారో అన్నదే దాని గుణాన్ని నిర్ణయిస్తుంది.

కత్తి విడిచి నాగలి పట్టి, నాగలి నుండి మగ్గానికీ మోటారుకూ ఎదిగిన వంశాల బిడ్డలు మన విద్యార్థులు. వారిలో కొందరు రేపు సైన్యంలో చేరవచ్చును, కొందరు సిమ్యులేటర్లను రూపొందించవచ్చును, కొందరు ఆటలనే సృష్టించవచ్చును. ఏ దారిన పోయినా, పేల్చే ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించే మనసు వారికి అలవడాలి. మన పాఠశాల శతజయంతి సంచికలో ఆ బిడ్డలే కలం పట్టి, ఈ వ్యాసాన్ని తమ కాలపు అనుభవంతో పూర్తిచేయాలని ఆకాంక్షిస్తున్నాను.